నాలుగూ పదకొండుకి

పేకముక్కంత బోర్డు.
దాని మీద ఒక చిప్పు, గోరంత మెమరీ కార్డు,
ఎర్ర దీపం ఒకటి, పచ్చ దీపం ఒకటి.
మంచుకొండ కింద ఏరు ఎంత లేచిందో
నిమిషానికోసారి కింది ఊళ్ళకి చెప్పడం దాని ఉద్యోగం.
మూడు వారాలుగా
తెల్లవారుజామున నాలుగూ పదకొండుకి
నోరు మూసేస్తోంది.
నేను మెస్తియా నుంచి ఫోన్ చేస్తే
త్సియూరి రాతిబురుజు ఎక్కి, తిట్టుకుంటూ,
ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టేది.

మొదట కార్డుని అనుమానించాను.
ఆడలేక మద్దెల ఓడన్నట్టు
కొత్త కార్డు కొని, అంతా తిరగరాసి,
పాత కెర్నెల్‌కి దిగి, మళ్ళీ కొత్తదానికి ఎక్కి,
నీటిమట్టం డ్రైవర్‌ని ఊడబెరికి చూశాను.
రెండు రోజులు బతికింది. కేకు కోశాం ఆఫీసులో.
మూడో రోజు,
నాలుగూ పదకొండుకి.

"వాచ్‌డాగ్ పెట్టు, నార్గిజా," అన్నాడు జుంబెర్.
"చస్తే అదే లేపుతుంది."
పెట్టాను. లేపింది.
లేచిన ప్రతిసారీ మూడు నిమిషాలు మాయం.
మూడు నిమిషాల్లో ఏరు వంతెన దాటేస్తుంది జుంబెర్, అన్నాను.
అతను కిటికీలోంచి బయటికి చూశాడు.
నిరుడు పోయిన వంతెన
ఇంకా అక్కడే ఉన్నట్టు చూశాడు.

ఇక నేనే ఎక్కాను.
పగలు తీర్చుకునే రోజుల్లో మనుషులు దాక్కున్న బురుజు.
పైఅంతస్తులో నేనూ, పెట్టే, గొర్రెతోలూ.
తెర లేని యంత్రానికి గొంతు మూడు తీగలు:
ఒకటి నేల, ఒకటి చెప్పేది, ఒకటి వినేది.
కలిపి కూర్చున్నాను.

నాలుగూ పదికి ఏమీ లేదు.
ఆపైన తెర మీద ఒక్కసారిగా అక్షరాల వరద.
అంకెలు, చిరునామాలు, పిలుపుల వరస:
ఎవరు ఎవర్ని పిలిచారో,
ఆ పిలిచినవాణ్ణి ఎవరు పిలిచారో.
అట్టడుగున, కెర్నెల్ పానిక్.
ఆ తర్వాత చలి ఒక్కటే.

మూడు రాత్రులు. మూడు మరణ వాంగ్మూలాలు.
మొదటి రాత్రి ఫైళ్ళ దగ్గర పడింది,
రెండో రాత్రి నెట్‌వర్క్ దగ్గర,
మూడో రాత్రి ఎవరి జోలికీ పోని
ఓ చిన్న లెక్క మధ్యలో.
రాతలో తప్పుంటే
రోజూ ఒకే మెట్టు మీద తడబడాలి కదా.
ఇది మెట్టుమెట్టుకీ పడుతోంది.
అయితే లోపం మెట్లలో లేదు,
మెట్లు నిలిచిన నేలలో ఉంది.

నాలుగో రాత్రి మల్టీమీటర్ పట్టుకున్నాను.
అయిదూ పాయింటు ఒకటి. అయిదూ పాయింటు ఒకటి.
నాలుగున్నర వోల్టులు.
ఎర్ర దీపం రెప్ప వేసింది.
ఇన్నాళ్ళూ నేను పచ్చదాన్నే చూస్తూ కూర్చున్నాను.
అప్పుడు వినిపించింది కిందనుంచి
మోటారు గుర్రు.

దిగి వెళ్తే, పశువులపాకలో ఆవిరి.
త్సియూరి ముక్కాలిపీట మీద,
ఆవు పొదుగుకి నాలుగు రబ్బరు గొట్టాలు.
"కుతైసిలో కొన్నాను, మూడు వారాలైంది," అంది.
మధ్యలో రెండు రోజులు గొట్టం చిరిగి
చేత్తోనే పిండిందట.
ఆ రెండు రోజులకే మేం కేకు కోశాం.

చంపేదీ ఆవిడే, లేపేదీ ఆవిడే.
చెప్తే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.
"పోనీ, నాలుగున్నరకి పిండనా?"
"అప్పుడది నాలుగున్నరకి చస్తుంది, అంతే."
నవ్వింది. నవ్వుతూ చేతులు తుడుచుకుంది.
వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉన్నాయి.
మిషను మానమని అడగాలన్న మాట
నా నాలుక మీదే కరిగిపోయింది.

పొద్దున్నే అడాప్టర్ మార్చాను,
జడపాయంత సన్నతీగ తీసేసి
జానెడు మందపు తీగ వేశాను,
పక్కన ఒక బ్యాటరీ.
రిపోర్టులో కారణం దగ్గర "తీగ సన్నం" అని రాశాను.
ఆవు గురించి రాయలేదు.

త్సియూరి ఉప్పుజున్ను కట్టిచ్చింది.
ల్యాప్‌టాప్ సంచీ ఇప్పటికీ అదే వాసన.
పెట్టె మూత బిగించి దిగొచ్చాను గానీ
ఆ మూడు తీగలూ మాత్రం విప్పలేదు.
రేపు మరో వేళకి, మరో కారణానికి పోతుందేమో.
పోయేటప్పుడు
చివరి మాట బయటపడేందుకు
దారి ఉండాలి కదా.